పా, సా, గా, దా

ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇంటర్ రెండో ఏడాది పిల్లలకి తరంగాల పాఠం చెబుతున్నాను. బిగించిన తీగ ఎందుకు మోగుతుందో, దాని పొడవు సగం చేస్తే ఏమవుతుందో, బిగువు నాలుగింతలు చేస్తే ఏమవుతుందో అర్ధరాత్రి లేపి అడిగినా చెబుతాను. మా ఆవిడ ఒకసారి నిజంగానే అర్ధరాత్రి లేపింది. పౌనఃపున్యం రెట్టింపవుతుందని చెప్పి అటు తిరిగి పడుకున్నాను. ఆవిడ లేపింది మేడ మీద ట్యాంకు పొర్లిపోతోంది, మోటారు కట్టమని.

అంతటివాడికి, నాలుగంటే నాలుగు తీగలున్న వాయిద్యాన్ని శ్రుతి చెయ్యడానికి మూడు నెలలు పట్టింది. వాయించడం సంగతి కాదు నేను చెబుతున్నది. అది ఇంకా రాలేదు.

దీనంతటికీ మూలం ఆవకాయ. మే నెలలో అటక మీంచి పెద్ద జాడీ దించమంటే స్టూలెక్కాను. జాడీ వెనకాల నల్ల సంచీ ఒకటి చేతికి తగిలింది. విప్పి చూస్తే మా అమ్మాయి యుకులేలే. 2020లో కాలేజీలు మూసేసి అందరం ఇంట్లో కూచున్నప్పుడు ఆన్‌లైన్లో తెప్పించుకుంది. ఆ రోజుల్లో కొందరు కేకులు చెయ్యడం నేర్చుకున్నారు, కొందరు గడ్డాలు పెంచారు, ఇది రెండున్నర పాటలు నేర్చుకుంది. తరవాత ఉద్యోగమొచ్చి బెంగుళూరు వెళ్ళిపోతూ, పాత రికార్డు పుస్తకాలతో పాటు దీన్ని కూడా మాకు వదిలేసింది.

జాడీ సంగతి మరిచిపోయి దీన్ని పట్టుకుని దిగాను. గిటారుని వేణ్ణీళ్ళలో ఉతికితే కుదించుకుపోయినట్టుంది. ఇందులో నాలుగు సైజులున్నాయట. 21 అంగుళాలది సొప్రానో, 23 అంగుళాలది కాన్సర్టు, 26 అయితే టెనరు, 30 అయితే బారిటోను. మాది కాన్సర్టు. పేరు చూసి మోసపోకండి, మా ఇంట్లో ఉన్నదానికి కచేరీతో ఏ సంబంధమూ లేదు.

వరండాలో మా మేనత్త మామిడికాయ ముక్కల్ని గుడ్డతో తుడుస్తోంది. డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి. ఒక్కో ముక్కా తీసుకుని, లోపలి జీడి పొర గీకి, తడి అద్ది, పళ్ళెంలో వేస్తూ నా చేతిలోది చూసింది.

"ఏట్రా అది, వీణకి పిల్ల పుట్టిందా?"

"యుకులేలే అత్తా."

"యూకూ లే లే? మిట్టమధ్యాన్నం ఎవర్నిరా లేపుతున్నావు?"

ఈవిడ సంగతి కొంచెం చెప్పాలి. మాది విజయనగరం. 1919లో పెట్టిన మహారాజా వారి సంగీత కళాశాల మా ఊళ్ళోదే. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలు. ఆయన తరవాత ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. అంచేత మా ఊళ్ళో వీధికొక మంచి చెవి ఉంటుంది. మా ఇంట్లో ఆ చెవి మా అత్తది. ఆ కాలేజీలోనే నాలుగేళ్ళు వీణ నేర్చుకుంది. పనస కర్రతో చేసిన బొబ్బిలి వీణ ఇప్పటికీ ఆవిడ గదిలో పాత పట్టుచీర చుట్టుకుని ఉంది. మోకాళ్ళు మడత పడక, కింద కూచోలేక, ఆరేడేళ్ళుగా దాన్ని ముట్టుకోలేదు. చేతులు ఊరుకున్నా చెవులు ఊరుకోలేదు. ప్రెషర్ కుక్కరు విజిలు నిన్నటికన్నా అరస్వరం తగ్గిందనీ, వాషరు మార్చాలనీ చెప్పగలదు. మార్చాం కూడా.

అటువంటి మనిషి పది అడుగుల దూరంలో ఉండగా నేను సంగీతం మొదలెట్టాను.

సంచీలో ఒక క్లిప్పు కూడా దొరికింది. బట్టలారేసే క్లిప్పులాంటిదే, దానికో చిన్న తెర. వాయిద్యం తలకి తగిలించి తీగ మీటితే అక్షరం చూపిస్తుంది. శ్రుతి కుదిరితే పచ్చ దీపం, కుదరకపోతే ఎర్ర దీపం. సంగీతాన్ని ట్రాఫిక్ సిగ్నల్ స్థాయికి దించారు కదా, ఇంక నాకేం భయం అనుకున్నాను. నాలుగు తీగలకీ నాలుగక్షరాలు, పైనుంచి కిందికి జి, సి, ఇ, ఏ.

"జి అంటే గా అన్నమాట," అత్తకి వివరించాను.

"మరి సి అంటే?"

"సా."

"ఇ అంటే?"

ఇక్కడ ఆగిపోయాను. సప్తస్వరాల్లో ఇ లేదు. అత్త మామిడి ముక్క పళ్ళెంలో వేసి, "ఇకారం వరకే వచ్చింది కాబోలు వీడి చదువు," అని ముక్కకి చెప్పింది.

అసలు సంగతి ఏమిటంటే ఆ అక్షరాలకీ మన స్వరాలకీ తలకట్టు చుట్టరికం కూడా లేదు. సి ని షడ్జమం అనుకుంటే ఇ గాంధారం అవుతుంది, జి పంచమం, ఏ ధైవతం. అంటే పైనుంచి వరసగా పా, సా, గా, దా. ఇది తెలియడానికి నాకు వారం పట్టింది. ఈలోగా పెద్ద పొరపాటు జరిగిపోయింది.

లోకంలో ఎవరైనా తీగల్ని వరసగా పెట్టుకుంటారు. గిటారుంది, పై తీగ లావుగా మంద్రంగా ఉంటుంది, కిందికొచ్చేకొద్దీ సన్నబడి స్వరం పెరుగుతుంది. యుకులేలే వాళ్ళకి ఆ మర్యాద లేదు. పై తీగే హెచ్చు పంచమం. దాని కింద తీగ షడ్జమానికి పడిపోతుంది. అక్కణ్ణించి గాంధారం, ధైవతం. మేడ మీంచి బయల్దేరి, వీధిలోకి దిగి, మళ్ళీ మెట్లెక్కి డాబా చేరుకున్నట్టు. అందుకే ఎంత గట్టిగా వాయించినా దీనికి గాంభీర్యం రాదు, ఎప్పుడూ నవ్వుతున్నట్టే ఉంటుంది. ఈ సంగతి తెలియని నేను, పై తీగ కదా, లోతుగా ఉండాలి అని లెక్కగట్టి, బిరడా తిప్పి తిప్పి దాన్ని వదులు చేశాను. వదులై వదులై అది దండెం మీద తడి లుంగీ ఆరేసినట్టు జారిపోయింది. అప్పుడు మీటితే క్లిప్పు మీద జి అని పచ్చ దీపం వెలిగింది!

ఎందుకు వెలగదూ? ఆ క్లిప్పు అక్షరమే చూస్తుంది గాని స్థాయి చూడదు. 392 హెర్ట్జులున్నా జి, అందులో సగం 196 ఉన్నా జి. మార్కుల లిస్టులో పేరు సరిపోయింది కదా అని పక్కూరి కుర్రాడికి మార్కులు వేసినట్టు. నేను మాత్రం పచ్చ దీపం చూసి మురిసిపోయి, తక్కిన మూడూ కూడా పచ్చ చేసి, నాలుగూ కలిపి మీటాను. మూడు తీగలు మోగాయి, నాలుగోది ఆవలించింది.

సాయంత్రం అమ్మాయికి ఫోన్లో వినిపించాను. కాసేపు అటునుంచి చప్పుడు లేదు. "నాన్నా, జి పైది. హై జి. పైకి తిప్పు," అంది.

ఒక స్థాయి పైకి వెళ్ళాలంటే బిగువు నాలుగింతలు చెయ్యాలి. ఆ సూత్రం నా కంటే బాగా ఎవరికి తెలుసు? అంచేత చాలా తిప్పాల్సి వస్తుందని మానసికంగా సిద్ధపడే కూచున్నాను. ఎడమ పక్క రెండు బిరడాలు, కుడి పక్క రెండు. ఎడమ చేత్తో బిరడా తిప్పుతున్నాను, కుడి బొటనవేలుతో పై తీగ మీటుతున్నాను. క్లిప్పు మీద జి, పచ్చ దీపం. ఇంకా తిప్పాను. జి, పచ్చ. స్థాయి మారేదాకా అలాగే ఉంటుంది కాబోలని ఇంకా తిప్పాను. బిరడా కిర్రుమంది. చెక్క కూడా సన్నగా మూలిగింది. పచ్చ దీపం మాత్రం నిశ్చలంగా, తపస్సులో ఉన్న మునిలా వెలుగుతోంది. ఇంకొక్క చుట్టు తిప్పాను.

ఫట్.

తెగింది నేను మీటుతున్న తీగ కాదు, దాని పక్కది. ఎడమ పక్క కింది బిరడా పంచమానిది, పై బిరడా షడ్జమానిది. నేను పంచమాన్ని మీటుతూ షడ్జమాన్ని హింసించాను. తెగిన నైలాను కొస ఎగిరొచ్చి చూపుడువేలు మీద చురుక్కుమనిపించింది. లోపల్నించి అత్త గొంతు, "ఆధార షడ్జమమే తెంపాడు. ఇంక పాడుకోడానికేం మిగిలింది?" అంది.

తీగ కోసం ఊళ్ళో వాయిద్యాల కొట్టుకి వెళ్ళాను. "మాండలినాండీ?" అన్నాడు కొట్టతను. మాండలిన్ కాదు, నాలుగు తీగలు, చిన్నది అన్నాను. "అదే, మాండలిన్," అన్నాడు జాలిగా. తప్పు అతనిది కాదు. పాలకొల్లులో పుట్టిన యు.శ్రీనివాస్ పసితనంలోనే మాండలిన్ మీద త్యాగరాజుని పలికించాక, మనవాళ్ళకి చంకలో ఇమిడే పరాయి వాయిద్యం ఏదైనా మాండలినే. మా వీధిలో ఇప్పటికీ నన్ను "ఈ వయసులో మాండలిన్ నేర్చుకుంటున్న మేస్టారు" అనే అంటారు. దిద్దడం మానేశాను. మాండలిన్ అంటే కాస్త గౌరవంగా చూస్తున్నారు, అది పోగొట్టుకోవడం ఎందుకు?

ఆన్‌లైన్ తీగలు రావడానికి పదిరోజులు. ఈలోగా క్లాసులో మాటవరసకి అన్నాను. మర్నాడు చింతపల్లి తీరం నించి వచ్చే కుర్రాడొకడు కాగితం పొట్లంలో గాలం తాడు చుట్ట తెచ్చి బల్ల మీద పెట్టాడు. "మా నాన్నదండి. పది కేజీల చేపైనా తెగదండి," అన్నాడు. నవ్వి ఊరుకోబోయాను గాని, చదివి చూస్తే యుకులేలేకి వేసే ఫ్లోరోకార్బన్ తీగలు, చేపలు పట్టే తాడూ ఒకే సరుకు. తీగ ఒక్కోదాని మీద పడే లాగుడు నాలుగైదు కిలోలే. తగిన లావుది ఏరుకుని కట్టాను. కొన్న తీగ కన్నా బాగా మోగింది. ఆ కుర్రాడికి ప్రాక్టికల్స్‌లో మార్కులు మామూలుగానే వేశాను, మీరేమీ అనుమానపడక్కర్లేదు.

తరవాత అసలు తీగలూ వచ్చాయి, నాలుగూ కొత్తవి కట్టాను. పొద్దున్న శ్రుతి చేసి కాలేజీకి వెళ్తే సాయంత్రానికి అన్నీ దిగజారి ఉండేవి. మళ్ళీ చేస్తే రాత్రికి మళ్ళీ జారేవి. బిరడాలు పాడయ్యాయేమోనని స్క్రూలు బిగించాను. వాయిద్యాన్ని అనుమానించాను, విజయనగరం ఎండల్ని అనుమానించాను, ఒకరోజు మా ఆవిణ్ణి కూడా అనుమానించాను. చివరికి అత్తనే అడిగాను.

"ఏవేవిటిరా నీ తీగలు?"

"పా, సా, గా, దా."

"నువ్వే చెబుతున్నావు కదరా. పా, సాగదా? కొత్త తీగ సాగదా మరి?"

నైలాను జాతి తీగ నాలుగైదు రోజులు సాగి సాగి గాని కుదురుకోదు. ఇంగ్లీషు వాళ్ళు ఈ నాలుగు స్వరాల్ని గుర్తు పెట్టుకోడానికి తమ కుక్కకి ఒంటినిండా పురుగులున్నాయన్న అర్థం వచ్చే నాలుగు మాటల్ని ఆ వరసలో పాడుకుంటారు. మనకి ఆ కుక్క అక్కర్లేదు. మన స్వరాలే తమ జబ్బేమిటో చెప్పుకుంటున్నాయి.

ఆ పురుగులు కూడా ఊరికే రాలేదు. యుకులేలే హవాయి మాట. ఉకు అంటే కుక్కల ఒంటి మీద ఉండే పురుగు, లేలే అంటే గెంతడం. వాయించేవాడి వేళ్ళు అలా గెంతుతాయని ఆ పేరొచ్చిందని ఎక్కువమంది చెప్పుకునే కథ. హవాయి చివరి రాణి లిలియువొకలానికి ఈ పురుగు సంగతి నచ్చలేదు. ఉకు అంటే కానుక, లేలే అంటే రావడం, ఎక్కణ్ణించో వచ్చిన కానుక అని ఆవిడ అర్థం చెప్పింది. రాణి కదా, పురుగు అని ఎలా ఒప్పుకుంటుంది? కానీ వచ్చిన మాట నిజమే. 1879 ఆగస్టు 23న రేవెన్స్‌క్రాగ్ అనే ఓడ హొనొలులు రేవు చేరింది. మదైరా ద్వీపం నించి చెరుకు తోటల్లో పనికి బయల్దేరిన పోర్చుగీసు వాళ్ళు నాలుగొందల పైచిలుకు మంది అందులో ఉన్నారు. వాళ్ళ దగ్గర మషెట్ అనే బుల్లి గిటారు ఉంది. ఆ ఓడ దిగిన నున్యెస్, డియాస్, ఎస్పిరితు సాంతు అనే ముగ్గురు వడ్రంగులు తోటపని ముగిశాక హొనొలులులో కొట్లు పెట్టి, అక్కడి కోవా కర్రతో ఇలాంటి వాయిద్యాలు చేసి అమ్మారు. రాజు కలాకౌవా దాన్ని నెత్తిన పెట్టుకున్నాడు. రాజభవనంలో మోగింది కాబట్టి ఊరంతా మోగింది.

ఆ కాలంలోనే మన తీరం వాళ్ళూ మారిషస్‌కి, నేటాలుకి, ఇవే చెరుకు తోటలకి ఓడలెక్కి పోయారు. ఆ ఓడల్లో ముగ్గురు బొబ్బిలి వడ్రంగులు ఉండుంటే ఈపాటికి ప్రపంచమంతా ఏం వాయిస్తూ ఉండేదో! ఇది అత్తతో అన్నాను. ఆవిడ పట్టు కర్ర దగ్గరే ఉంది.

"కోవా అంటే ఏం చెట్టురా?"

"తుమ్మకి చుట్టం అత్తా."

"అదీ సంగతి. తుమ్మమొద్దు," అంది. చూసింది మాత్రం వాయిద్యం కేసి కాదు.

ఇంక వాయించడం. అక్కడా పెద్ద ఇబ్బంది లేదనే అంటారు, ఎందుకంటే సి కార్డుకి, అంటే కలిపి మీటే స్వరాల గుత్తికి, ఒక్క వేలు చాలు. అన్నిటికన్నా కింది తీగ మీద మూడో మెట్టు దగ్గర ఉంగరపు వేలు నొక్కాలి. యాభై మూడేళ్ళకి ఆ వేలికి ఉంగరం మొయ్యడం కాక ఇంకో ఉద్యోగం దొరికింది. ఏ మైనరుకి కూడా ఒక్క వేలే. ఎఫ్‌కి రెండు. అక్కడి దాకా నేనూ గంధర్వుణ్ణే. జికి మాత్రం మూడు వేళ్ళు త్రికోణంగా మూడు తీగల మీద ఒకేసారి దిగాలి. నావి పెళ్ళివారి బస్సు దిగినట్టు దిగుతాయి. ముందు చూపుడువేలు దిగుతుంది, అటూ ఇటూ చూస్తుంది, తరవాత మధ్యవేలు, ఆనక ఉంగరపు వేలు, అదీ ఎవరో చెయ్యి పట్టుకుని దింపితే. ఈలోగా పాట కొత్తవలస దగ్గర సిగ్నల్ పడని పాసింజరులా ఆగి ఉంటుంది. ఎక్కినవాళ్ళు నడిచి వెళ్ళిపోవచ్చు.

వేలికొసలు మొదట ఎర్రబడ్డాయి, తరవాత బొబ్బలెక్కాయి, ఆ తరవాత గట్టిపడి తోలు కట్టాయి. ఈ తోలు కట్టడం సాధనకి గుర్తని మా అమ్మాయి అభినందించింది. మా కాలేజీ హాజరు యంత్రం అభినందించలేదు. కుడి చేతికి ఎప్పుడూ చాక్‌పీసు పొడి ఉంటుందని నేను ఎడమ చూపుడువేలు ముద్రే ఇచ్చి ఉన్నాను. జూలైలో వరసగా నాలుగురోజులు అది నన్ను గుర్తుపట్టలేదు. వేలు పెట్టినప్పుడల్లా మళ్ళీ ప్రయత్నించండి అంటుంది. ఇంట్లో జి కార్డూ అదే అంటుంది. రెండు చోట్లా ఒకే మాట పడ్డాను.

సాధనలో ముప్పాతిక వంతు శ్రుతికే పోయేది. 1971లో న్యూయార్కులో బంగ్లాదేశ్ కోసం జరిగిన కచేరీలో రవిశంకర్ బృందం వాయిద్యాలు శ్రుతి చేసుకుంటుంటే జనం అదే సంగీతమనుకుని చప్పట్లు కొట్టారు. శ్రుతే ఇంత నచ్చితే వాయించేది ఇంకా నచ్చుతుందని ఆయన చమత్కరించారు. ఆ కచేరీ ఏర్పాటు చేసిన జార్జ్ హారిసన్‌కి తరవాతి రోజుల్లో యుకులేలే అంటే పిచ్చి. ఇదంతా మా ఆవిడకి చెప్పాను. ఆవిడ పోపు వేస్తూ విని, "మన ఇంట్లో ఆ ప్రమాదం లేదులెండి," అంది.

నేను శ్రుతి చేస్తుంటే అత్త సోఫాలో కూచుని కళ్ళు మూసుకునేది. నిద్రపోతోందనుకునేవాణ్ణి. ఆగస్టులో ఒకరోజు, నాలుగు తీగలూ పచ్చ దీపం దాటి, నేనింకా ఏ వేలూ పెట్టకుండా పైనుంచి కిందికి ఒకసారి మీటాను. అత్త కళ్ళు తెరిచింది.

"మళ్ళీ వాయించు. ఏ మెట్టూ నొక్కకు."

మీటాను.

"ఒరే, ఇది మోహన రా! సా, గా, పా, దా ఉన్నాయి. రిషభం ఒక్కటే లేదు."

నిజమే. సరిగపదస. అయిదు స్వరాల్లో నాలుగు ఒట్టి తీగల్లోనే ఉన్నాయి. ముగ్గురు వడ్రంగులు ఏ ద్వీపంలోనో పెట్టిన శ్రుతిలో మోహన రాగం ముప్పాతిక మీద అణా వంతు కూచుని ఉంది. రిషభం సా తీగ మీద రెండో మెట్టులో దొరికింది. పై షడ్జమం దా తీగ మీద మూడో మెట్టు. అత్త చెబుతుంటే ఒక్కొక్క స్వరం మీటుకుంటూ ఆరోహణ పూర్తి చేశాను. జీవితంలో మొదటిసారి నా చేత్తో వచ్చిన సంగీతం. అత్త శాంతంగా, "ఒట్టి తీగలు మీటితే మోహన వస్తోంది. నువ్వు వేలు పెట్టినప్పుడే చెడుతోంది," అంది.

తరవాత తనే అందుకుంది. ఒళ్ళో వీణలా అడ్డంగా పడుకోబెట్టి, పై నించి వేళ్ళు ఆనించి, గాంధారం మీద గమకం కోసం తీగ పక్కకి లాగింది. వీణ మీదైతే మెట్లు మైనం మీద ఎత్తుగా నిలబడి ఉంటాయి, ఉక్కు తీగ లాగిన కొద్దీ స్వరం పైకి పాకుతుంది. ఇక్కడ నైలాను తీగ వేలు కింద పక్కకి జరిగింది గాని స్వరం దాదాపు ఉన్నచోటే ఉంది. "లాగితే పలకదేట్రా ఇది! ఇంగువ లేని చారులాగుంది," అని తిరిగి ఇచ్చేసింది. ఇచ్చేముందు ఇంకో రెండుసార్లు లాగి చూసింది, నేను గమనించాను.

ఆ రోజు నించి శ్రుతి పని మా ఇద్దరిదీ అయింది. అక్కడే తగువు మొదలైంది.

"గాంధారం కొంచెం ఎక్కువుంది."

"పచ్చ దీపం వచ్చింది అత్తా."

"దీపానికి చెవులున్నాయా? దించు."

యంత్రం అబద్ధమాడదని వాదించాను. 329.6 హెర్ట్జులు, దశాంశంతో సహా చెప్పాను. ఆవిడ చెయ్యి చాపి సా, గా తీగలు రెండూ కలిపి మీటింది. "విను. గరగరమంటోంది. దించు." బిరడా వెంట్రుకవాసి వెనక్కి తిప్పాను. పచ్చ పోయి ఎరుపొచ్చింది. మళ్ళీ మీటింది. ఈసారి నాకూ వినిపించింది. రెండు తీగల మధ్య ఏదో సన్నగా వణుకుతోంది, దూరంగా ఎవరిదో ఫోను బల్ల మీద అదురుతున్నట్టు. "ఇంకా." తిప్పాను. వణుకు నెమ్మదించింది. "ఇంకొంచెం." ఊయల ఆగబోతున్నట్టు ఊగి, ఊగి, ఆగిపోయింది. రెండు తీగలూ ఒకే తీగలా నిలబడ్డాయి.

"విస్పందనాలు!" అని అరిచాను.

అత్త ఉలిక్కిపడింది. ఇరవై ఎనిమిదేళ్ళుగా నల్లబల్ల మీద రాస్తున్న మాట అది. దగ్గర దగ్గర పౌనఃపున్యాలున్న రెండు ధ్వనులు కలిస్తే వచ్చే హెచ్చుతగ్గులు, వాటి లెక్క, పరీక్షలో ఒక ప్రశ్న. రెండు శ్రుతిదండాలు మోగించి, "వినపడుతున్నాయా?" అని ఏటా అడుగుతాను, "వినపడుతున్నాయి సార్," అని ఏటా పిల్లలు అంటారు. వాళ్ళకి ఎంత వినపడిందో నాకూ అంతే వినపడింది ఇన్నాళ్ళూ.

రాత్రి కాగితం తీసుకుని కూచున్నాను. షడ్జమం 261.6. గాంధారం దానికి సరిగ్గా అయిదు బై నాలుగు వంతు ఉంటే తీగలు కలుస్తాయి. హెచ్చవేస్తే 327. క్లిప్పు చెప్పేది 329.6. రెండున్నర పైగా ఎక్కువ! యంత్రం అబద్ధమాడలేదు, రాజీ పడింది. స్థాయిని పన్నెండు సమాన వాటాలు చేసి పంచింది, అపార్టుమెంటులో నీళ్ళ బిల్లు పంచుకున్నట్టు. ఇద్దరున్న ఇంటికీ అంతే, పదిమందున్న ఇంటికీ అంతే. పంచమం వాటాలో పెద్ద నష్టం లేదు, అర హెర్ట్జు కూడా తేడా రాదు. గాంధారం మీద మాత్రం భారం బాగానే పడింది. డెబ్భై తొమ్మిదేళ్ళ చెవి సోఫాలో కళ్ళు మూసుకుని ఆ రెండున్నర హెర్ట్జుల్ని పట్టేసింది.

పొద్దున్నే కాగితం చూపించి, "నువ్వు చెప్పిందే కరెక్టు అత్తా," అన్నాను. "తెలుసు," అంది కాఫీ చల్లారబెట్టుకుంటూ.

అయితే నా ఇబ్బంది నాకుంది. అత్త గాంధారంతో సి కార్డు స్వర్గంలా ఉంటుంది. కానీ జి కార్డులో పై తీగ ఒట్టి పంచమం మోగుతుంది, గా తీగ మూడో మెట్టు దగ్గర మళ్ళీ అదే పంచమం రావాలి. గా తీగ దించేశాం కాబట్టి ఈ రెండో పంచమం మొదటిదాని కన్నా మూడు హెర్ట్జులు తక్కువ. ఎంతో కష్టపడి మూడు వేళ్ళూ బస్సు దింపాక, ఆ రెండు పంచమాలూ తోడికోడళ్ళలా సెకనుకి మూడేసి మాటలనుకుంటాయి. అంచేత ఒక ఏర్పాటు చేసుకున్నాను. పొద్దున్న అత్త శ్రుతి, మోహన. రాత్రి భోజనాలయ్యాక ఆవిడ గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాక, క్లిప్పు శ్రుతి, కార్డులు. రోజుకి రెండుసార్లు ఆ బిరడా అటు వెంట్రుకవాసి, ఇటు వెంట్రుకవాసి. రెండు ఇళ్ళు పెట్టినవాడి తిప్పలు నాకిప్పుడు కొంచెం అర్థమవుతాయి. ఈ మాట మా ఆవిడ ఎదురుగా అనలేదు.

దసరా వెళ్ళిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం. మా ఊళ్ళో పుట్టినవాళ్ళు ఎక్కడున్నా ఆ రోజుకి వస్తారు. అమ్మాయీ వచ్చింది. కోట దగ్గర జనంలో నలిగి, మెడ నెప్పెట్టేలా తలెత్తి సిరిమాను చూసి, చెప్పులొకటి పోగొట్టుకుని ఇంటికొచ్చి, ముందు గదిలో కూలబడి యుకులేలే అందుకుంది. అత్త లోపల నడుం వాల్చింది. ఇంకా రాత్రి కాలేదు కదా, అత్త శ్రుతే ఉంది.

అమ్మాయి ఒకసారి మీటి మొహం చిట్లించింది. "నాన్నా, ఇ తగ్గింది. చూసుకోవా?"

వద్దనేలోపల ఫోను దగ్గర పెట్టుకుంది. నాకు మూడు నెలలు పట్టిన పనిని మూడు సెకన్లలో, మాట్లాడుతూ, ఒక్క చేత్తో చేసేసింది. తెర మీద పచ్చగా వెలిగింది.

"చూశావా, ఇప్పుడు పర్ఫెక్టు," అని నాలుగు తీగలూ బర్రున మీటింది.

లోపలి గదిలో మంచం కిర్రుమంది.

"ఎవర్రా అక్కడ? గాంధారం ఎత్తేశారూ!"